తెర మీద ఒడ్డు

రమణయ్య ఫోన్ చేసి ఫోటో కావాలన్నాడు. ఎవరి ఫోటో అని అడిగాను.

"జిరాక్స్ అక్కది సార్. పోయిన శుక్రవారం చనిపోయింది. పాలెం వాళ్ళం ఫ్లెక్సీ కడదామనుకుంటుండాం. ఫోటో ఆ కంప్యూటర్లో ఉంటదేమో, ఒకసారి వచ్చి తీస్తావా?"

శుక్రవారం పోయిన మనిషి సంగతి నాకు బుధవారం తెలిసింది. మట్టి చేయడం కూడా నెల్లూరులోనే జరిగిందట. ఆమె అన్నగారి ఇల్లు నా షాపుకు రెండు వీధుల అవతల. అక్కడి నుంచే తీసుకెళ్ళారట. ఇంత దగ్గర జరిగితే నాకెందుకు చెప్పలేదని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. అడిగే మొహం నాకు లేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తకుండా పక్కన పెట్టినవాణ్ణి నేను.

ఫోటో కోసం ముందు అన్నగారినే అడిగారట. మా ఇళ్ళలో ఫోటోలు కట్టే అలవాటు లేదు, మా దగ్గర లేదు, మీరు కట్టుకుంటే మీ ఇష్టం అన్నాడట ఆయన. సరే, మధ్యాహ్నం వస్తానని రమణయ్యకు చెప్పాను. బండి తీస్తూ తీస్తూ ఆగి, ఈసారి అయినా చెప్పిన వేళకు వెళ్ళు అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఆమెది మైపాడు పక్కన ఒక పాలెంలో, రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒంటి గది. ఆటోలు అక్కడే తిరుగుతాయి. గదిలో ఒక జిరాక్స్ మిషను, ఒక స్కానరు, ఒక కంప్యూటరు. పడవల రిజిస్ట్రేషన్లు, లైసెన్సు రెన్యువళ్ళు, పిల్లల సర్టిఫికెట్లు, పాలెంలో ఎవరికి ఏ కాగితం అవసరమొచ్చినా ఆ గది మెట్టెక్కాల్సిందే. వాళ్ళ నాన్న గిన్నెలకు కళాయి పూస్తూ ఊరూరా తిరిగి, చివరికి ఈ పాలెంలో ఆగిపోయాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన కూతురు ఈ గదిలో కూర్చుంది. భర్త సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

వేటకు పోయే మనుషులు కాగితాలను లుంగీ మడతలో దోపుకుని తెస్తారు. ఉప్పునీళ్ళకు తడిసి, చేపల వాసనతో వస్తాయి. ఆమె వాటిని విసుక్కుంటూ అందుకుని, వేడెక్కిన జిరాక్స్ మిషను మీద పరిచి, పైన అరచెయ్యి పెట్టి తట్టేది. "చేపలకేనా ఎండబెట్టేది, కాగితాలకు వద్దా?" అనేది. ఎవరైనా తొందరపెడితే ఆమె దగ్గర ఒకటే మాట: "గాలి తిరగనీ." కరెంటు పోయినా, సర్వరు నిలిచిపోయినా, ఆఫీసరు సంతకం పెట్టకపోయినా అదే మాట. ఆ మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఆమె కంప్యూటర్‌ను మొదటిసారి బాగుచేయడానికి తెరిచిన రోజు నాకు నవ్వాగలేదు. అందులో ఉన్నది కొత్తలో నేనే ఎక్కించిన ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితంగా దొరికేది. తెర నిండా ఫోల్డర్లు, ఎటూ నూట ఎనభై దాకా ఉంటాయి. ఒక్కదానికీ పేరు లేదు. న్యూ ఫోల్డర్ ఒకటి, న్యూ ఫోల్డర్ రెండు, అలా నూటెనభై వరకు. లోపల ఫైళ్ళకు కూడా స్కానరు పెట్టిన అంకెలే. ఇదేం సంసారం అక్కా, ఇందులో ఎవరిది ఏదో ఎట్లా తెలుస్తుంది అని అడిగాను.

ఆమె నన్ను గది బయటికి తీసుకెళ్ళి ఒడ్డు చూపించింది. ఇసుక మీద ఫైబర్ పడవలు వరసగా ఉన్నాయి. ఏ కుటుంబం పడవను ఎక్కడికి లాగుతుందో తాతల నాటి నుంచి చోటు ఉంది, ఒకరి చోట్లో ఒకరు పెట్టరు. మళ్ళీ లోపలికి తీసుకొచ్చి తెర చూపించింది. వెనక బొమ్మగా నీళ్ళ ట్యాంకు ఎక్కి తీసిన ఫోటో ఉంది. ఎడమ వైపు ఇసుక, కుడి వైపు సముద్రం. ఫోల్డర్లన్నీ ఇసుక మీద, బయట పడవలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో.

"ఈ పాలెంలో పోలయ్యలు పదకొండు మంది ఉండారబ్బయా. ఇంటిపేర్లు నాలుగే. పేరు రాసి ఏం చేసుకునేది? వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసుకుంటారా ఎవరన్నా?"

పొద్దున షట్టరు తీయగానే టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద నిలబడేది. ఒడ్డు ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసేది. ఎవరన్నా పడవ అమ్మినా, కొత్తది కొన్నా, లోపలికొచ్చి ఫోల్డర్ జరిపేది. వేటకు పోయిన పడవ మధ్యాహ్నం దాకా రాకపోతే దాని ఫోల్డర్‌ను మౌసుతో పట్టుకుని నీలం వైపు, సముద్రంలోకి లాగి పెట్టేది. అది తిరిగొచ్చిందని కబురు అందాకే ఇసుక మీదికి తెచ్చేది. అప్పటిదాకా అన్నానికి లేవదు. కుడి వైపు ఖాళీగా ఉంటే ఆమె మొహం తేటగా ఉండేది. తెర చూడకుండానే, ఆమె మొహం చూసి చెప్పొచ్చు సముద్రంలో ఎవరైనా ఉండిపోయారా లేదా అని.

నేను ఇవన్నీ మెచ్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ముచ్చటపడ్డాను, అంతే. లోపల మాత్రం చదువు రాని పద్ధతి అనే అనుకున్నాను.

ఇంతలో పడవల లైసెన్సుల వెబ్‌సైటు పాత బ్రౌజరులో తెరుచుకోవడం మానేసింది. కొత్త బ్రౌజరు కావాలంటే కొత్త సిస్టమ్ కావాలి. అప్పటికి ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్ళు మొత్తం రూపే మార్చేశారు. మొదట్లో నేనూ తిట్టుకున్నాను. కింద ఉన్న పట్టీ పైకి పోయింది, మూలనున్న గడియారం నడిమధ్యకు వచ్చింది, తెరిచిన విండోను కిందికి దించే గుర్తు తీసేశారు. తెర మీద ఏమీ ఉండకూడదట, అదే కొత్త సిద్ధాంతం. నడిమధ్య ఒక పెట్టె వస్తుంది, కావాల్సిందాని పేరు కొడితే అదే వెతికి తెస్తుంది. పది రోజులు నా చేతులు పాత చోట్లకే పోయాయి. పదకొండో రోజు అలవాటైంది. అలవాటైనవాడికి అలవాటు కానివాళ్ళంటే ఎంత చులకనో నన్ను చూస్తే తెలుస్తుంది. నెల తిరగకుండా షాపుకు వచ్చిన ప్రతివాడికీ అదే బోధించడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం పాలెం వెళ్ళి ఆమె కంప్యూటర్ మార్చేశాను. గంటన్నర పని. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని నా చేతులనే చూస్తూ ఉంది. అయిపోయాక తెర తుడిచినట్టు వచ్చింది, ఒక పువ్వు బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. నాకు గర్వంగా అనిపించింది. ఒక్క ఫైలు పోలేదక్కా, అన్నీ లోపలే ఉన్నాయి, పేరు కొడితే వస్తాయి అన్నాను.

ఆమె తెర మీద ఇసుక ఉండాల్సిన చోట వేలు పెట్టి చూసింది.

"ఫైలు పోలేదు. చోటు పోయిందబ్బయా."

నేర్చుకుంటే అదే వస్తుందని చెప్పి, టీ తాగి వచ్చేశాను. తర్వాతి వారమంతా రోజుకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఇల్లు శుభ్రంగా ఊడ్చినట్టే ఉందని, ఊడ్చి వెళ్ళినవాళ్ళకు బాగానే ఉంటుందని, ఉండేవాళ్ళకే సామాన్లు దొరకవని అంది. ఫోల్డర్లకు పేర్లు పెట్టుకో అక్కా అన్నాను. రోజుకు నాలుగైదు చొప్పున తెరిచి, చూసి, పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. అంటే ఆమె మొండికేసింది కాదు. నేను చెప్పిందే చేస్తూ ఉంది. పూర్తి కాలేదు, అంతే.

మూడు వారాలైంది. ఆ రోజు తుఫాను హెచ్చరిక కూడా లేదు, ఊరికే గాలి ఎక్కువగా ఉంది. తెల్లవారుజామున పోయిన పడవలన్నీ పదికల్లా వచ్చాయి. ఒకటి రాలేదు. అందులో ఉన్నది పదకొండు మంది పోలయ్యలలో ఒకడు, అతని బావమరిది రమణయ్య. పన్నెండు దాటాక మెరైన్ పోలీసులకు చెబితే పడవ నంబరు, రంగు, ఇంజను వివరం, ఫోటో పంపమన్నారు. నంబరు పడవ మీద రాసి ఉంది, పడవ సముద్రంలో ఉంది. అసలు కాగితాలు కూడా పడవలోనే పెట్టెలో ఉన్నాయి. నకళ్ళు అక్క కంప్యూటర్లో ఉన్నాయి. పోలయ్య భార్య కావమ్మ పరుగెత్తుకుంటూ ఆ గదికి వచ్చింది.

అక్క నాకు ఫోన్ చేసింది. నా ముందు ఒక ఆఫీసు వాళ్ళ కంప్యూటర్ విప్పి ఉంది. పేరు కొట్టు అక్కా, వస్తుంది అన్నాను. కొట్టింది. ఆ పడవ ఫోల్డర్‌కు ఇంకా పేరు పెట్టలేదు. తెరను తెలుగులోకి మార్చి పెట్టింది కూడా నేనే, ఆమెకు సులువుగా ఉంటుందని. తెర నడిమధ్య పెద్ద అక్షరాలతో వచ్చింది: ఏమీ దొరకలేదు.

ఇది నాకు తర్వాత కావమ్మే చెప్పింది. ఆమెకు కూడబలుక్కుని చదవడం వచ్చు. వెనక నిలబడి ఒక్కొక్క అక్షరమే చదువుకుంటూ ఉందట. పడవ కోసం వెతుకుతున్నది ఆ మిషనే అనుకుంది. "ఏమంటుండాదక్కా?" అని అడిగిందట. అక్క రెండు అరచేతులూ తెర మీద పెట్టి కప్పేసి, "ఇంకా చూస్తుండాదమ్మా" అందట.

తర్వాత ఒక్కొక్క ఫోల్డరే తెరవడం మొదలుపెట్టింది. పాత తెర ఉంటే కళ్ళు మూసుకుని తీసేది. నీళ్ళ ట్యాంకు కింద, దక్షిణంగా మూడో పడవ. ఒక్క క్షణం పని. నేను వస్తున్నానక్కా అని ఫోన్లో చెప్పాను. అప్పుడే బయలుదేరి ఉంటే ముప్పావు గంట. ముందున్న పని ముగించి, స్క్రూలు బిగించి, సంతకం పెట్టించుకుని నేను కదిలింది మూడు దాటాక. నేను వెళ్ళేసరికి దొరికింది. న్యూ ఫోల్డర్ నూట నలభై మూడు. పన్నెండున్నరకు మొదలుపెడితే మూడున్నర అయింది. ఆమె మౌసు పట్టుకున్న చెయ్యి వదలడం లేదు. నేనే వేళ్ళు విడదీశాను.

మర్నాడు పొద్దున కృష్ణపట్నం వైపు ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్న పడవను వేరే పాలెం వాళ్ళు చూసి తాడు వేశారు. రమణయ్య ఉన్నాడు. పోలయ్య లేడు. వల తాడు ఇంజను రెక్కకు చుట్టుకుంటే కోయడానికి దిగాడట, అలలకు పడవ అంచు తలకు కొట్టిందట. ఎప్పుడు అని అందరూ అడిగారు. ముందు రోజే, పొద్దు వాలే లోపల అన్నాడు రమణయ్య. శవం మూడో రోజు ఒడ్డుకు వచ్చింది.

ఆ నంబరు మూడు గంటల ముందే అంది ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. పోలీసులు సముద్రం పెద్దదమ్మా అన్నారు. కావమ్మ ఒక్క మాట అనలేదు, పాలెంలో ఎవరూ అనలేదు. అంటే బాగుండేదేమో. ఎవరూ ఏమీ అనకపోయేసరికి అక్క ఆ మాటలన్నీ తనకు తానే అనుకుంది. నేనైతే ఆమెతో అన్నాను, పాత రూపం తెప్పించే చిన్న ప్రోగ్రాం ఒకటుంది, అరగంట పని, వచ్చే ఆదివారం వచ్చి పెడతాను అని.

వెళ్ళలేదు. ఆ గదిలోకి అడుగుపెట్టడం నావల్ల కాలేదు. ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ పేరు చూసి పక్కన పెట్టాను. తర్వాత చేయడం మానేసింది. మానేసినందుకు నాకు హాయిగా అనిపించిందని కూడా రాయాలి, లేకపోతే ఇదంతా అబద్ధం.

ఎనిమిది నెలలకు వెళ్ళాను. పెన్ డ్రైవ్ జేబులో ఉంది. ఆమె జిరాక్స్ తీస్తూ ఉంది, నన్ను చూసి రా అబ్బయా, టీ తాగు అంది, నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినట్టు. కంప్యూటర్ మీద పూల గుడ్డ కప్పి ఉంది. గదిలో మూడు గోడల వెంట వల అల్లే నైలాన్ తాడు కట్టి ఉంది. తాడుకు బట్టల క్లిప్పులు, క్లిప్పులకు ప్లాస్టిక్ కవర్లు. ఒక్కొక్క పడవకు ఒక్కొక్క కవరు. ఉత్తరం కొస తలుపు దగ్గర మొదలై, దక్షిణం కొస కిటికీ దగ్గర ముగిసింది. ఫ్యాను తిరిగితే అన్నీ ఒకే వైపు ఊగుతున్నాయి.

పాత రూపం తెచ్చానక్కా అన్నాను. ఆమె నవ్వింది.

"కొండ నాలిక్కి మందేస్తే ఉండే నాలిక ఊడింది. మళ్ళీ మందా?"

నేను తల దించుకున్నాను. ఆమె టీ గ్లాసు నా చేతికిచ్చి, స్టూలు జరిపి కూర్చుంది. మెల్లగానే చెప్పింది, కోపం లేదు.

"నీ తప్పని నేను అన్లా. ఒకరి వంటిల్లు సర్దితే, ఆ పూట ఆడ వంట చేసి చూడాల అబ్బయా. నువ్వు సర్దేసి పోయినావు. ఒక్క పూట ఈడ కూచోనుంటే బాగుండె."

ఆమెను చూడటం అదే ఆఖరు. అంతకంటే ఎక్కువ తిట్టి ఉంటే నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాణ్ణేమో.

బుధవారం మధ్యాహ్నం చెప్పిన వేళకే వెళ్ళాను. రమణయ్య షట్టరు తీసి పెట్టాడు. కావమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. తాళం చెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుందట. పూల గుడ్డ తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. అదే ఖాళీ తెర. నడిమి పెట్టె తెరిచాను. వెతకడానికి పేరు టైప్ చేయండి అంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను, అక్కడే ఆగిపోయాయి.

ఆమె పేరు నాకు తెలియదు.

ఫోన్ తీసి చూసుకున్నాను. అందులోనూ జిరాక్స్ అక్క మైపాడు అనే ఉంది. ఇన్నేళ్ళు ఊరంతటికీ పేరు కొడితే వస్తుందని చెప్పినవాణ్ణి. వెనక్కి తిరిగి, అక్క పేరేంది రమణయ్యా అని అడిగాను. అతను మెడ గోక్కున్నాడు. "అక్క అనేవోళ్ళం సార్" అన్నాడు. ఫ్లెక్సీ మీద కూడా అదే వేయిద్దామనుకున్నారట.

కావమ్మ లేచి లోపలికి వచ్చింది. తాడు వెంట చూపు సాగించుకుంటూ, బయట రోడ్డు అయిపోయే చోటు తాడు మీద ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడికి వచ్చి ఆగింది. అక్కడ పడవ ఉండదు, ఈ గదే ఉంటుంది. అక్కడున్న కవరు తీసి నా చేతికిచ్చింది. అందులో అక్క ఆధార్ నకలు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఉన్నాయి. తనకు కూడా ఒడ్డు మీద ఒక చోటు పెట్టుకుంది. ఫోటోలో ఆమె తల మీద చెంగు సర్దుకుని, తీసేవాణ్ణి తొందరపెట్టకు అన్నట్టు చూస్తోంది. నకలు మీద పేరు చదివాను. మంచి పేరు. ఇక్కడ రాయను. బతికుండగా అడగని పేరు ఇప్పుడు వాడుకునే హక్కు నాకు లేదు.

ఫోటోను ఫోన్లోకి తీసుకుని, రమణయ్యకు పంపించి, కవరు మళ్ళీ తగిలించబోయాను. ఎక్కడి నుంచి తీసిందో సరిగ్గా చూసుకోలేదు. కిటికీ వైపు తాడు మీద ఒక క్లిప్పు ఖాళీగా కనిపించింది. దానికి పెట్టి నొక్కాను.

కావమ్మ గబగబా వచ్చి ఆ కవరు తీసేసింది. పాత చోటికి తీసుకెళ్ళి తగిలించి, పైన అరచేత్తో ఒకసారి తట్టింది. తర్వాత ఖాళీ క్లిప్పు దగ్గరికి వచ్చి, అది తిరిగిపోయి ఉంటే సరిచేసింది.

"ఆడ కాదు సామీ. అది మా పడవ చోటు. పడవ అమ్మేసినాం గానీ, అక్క ఆడ ఇంకెవుర్నీ పెట్టలా."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెర మీద ఆ పెట్టె ఇంకా పేరు అడుగుతూనే ఉంది. కంప్యూటర్ ఆపి, గుడ్డ కప్పి, స్టూలు మీద కూర్చున్నాను. రమణయ్య వెళ్దామా సార్ అన్నాడు. ఒక పూట ఉంటానన్నాను.